గార్డు పెదనాన్న చదవని పుస్తకం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. సీతాఫలాలకు ఒక కాలం ఉన్నట్టే ప్రతి పుస్తకానికీ ఒక కాలం ఉంటుందని, అది తప్పించి చదివితే పచ్చిగానో మరీ మగ్గిపోయినట్టో ఉంటుందని. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అసలు అప్పుడు నేను ఎవరితోనూ ఏమీ అనేదాన్ని కాదు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం ఇంకా రాని ఆడపిల్లను. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళ గ్లాసు బల్లమీద పెట్టి, వాళ్ళు పేరు అడిగేలోపే వంటింట్లోకి మాయమయ్యేదాన్ని. అనవలసినవన్నీ తర్వాత తీరిగ్గా డైరీలో అనేదాన్ని. (“ఈ రోజు ఒకావిడ ఏం చదువుకున్నావని అడిగింది. జవాబు: బి.కామ్.” అని, ఆవిడ బస్సెక్కి వెళ్ళిపోయాక డైరీకి చెప్పిన రోజులు కూడా ఉన్నాయి.)

వాచకాల్లో శరదృతువంటే తెల్లని వెన్నెల, తేటపడిన నీళ్ళు. మా మెట్టుగూడలో ఆ కాలానికి వేరే ముఖం ఉండేది. దసరా సెలవులు అయిపోగానే పొద్దు ఉన్నట్టుండి కురచైపోయేది. రైల్వే క్వార్టర్ల వెనక ఊడ్చిన ఆకులకు ఎవరో నిప్పు పెడితే ఆ పొగ నేలబారుగా నడుచుకుంటూ వచ్చి గుమ్మాల దగ్గర ఆగేది. కాడమల్లె చెట్లమీంచి తెల్లపూలు మసక చీకట్లో ఒక్కొక్కటీ టప్పుమని రాలుతుంటే వెనకాల ఎవరో అడుగేసినట్టుండేది. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు మామూలు రోజుల్లో మా చెవికి ఆనేదే కాదు, ఆ నెలల్లో మాత్రం మంచం కిందనుంచి వచ్చినట్టు వినపడేది. అలాంటి కాలంలో చదవవలసినవి దయ్యాల నవలలు తప్ప మరేవీ కావని నా దృఢమైన అభిప్రాయం.

మా ఇంట్లో అవి నిషిద్ధం. అమ్మ గుంటూరు వైపు మనిషి, చర్చిలో సండే స్కూలు టీచరు. “చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర నిద్రపోతుంటారమ్మాయ్. వాళ్ళకి వీధుల్లో తిరిగే పనేం లేదు. అలాంటి పుస్తకం ఈ గడప దాటిందంటే పొయ్యిలో పెట్టేస్తాను,” అనేది. అంటే మా ఇంట్లో దయ్యాలు లేవు. లేవు కాబట్టి భయపడటానికి కూడా వీల్లేదు. భయపడితే అది విశ్వాసం లేకపోవడం కింద లెక్క. వేరే ఇళ్ళలో పిల్లలు దయ్యాలకు భయపడితే అమ్మ పక్కలో దూరతారు. నేను ముందు భయపడి, ఆ తర్వాత భయపడినందుకు భయపడేదాన్ని.

ఈ చిక్కులోంచి నన్ను బయటపడేసినది మా వీధి చివరి పెంకుటింటి నర్సు పెద్దమ్మ. ఆమె జనగామ వైపు నుంచి వచ్చి ఇక్కడి ఆస్పత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆమె భర్త గూడ్సు బండికి గార్డు. ఉద్యోగం చేసినంతకాలం బండికి చిట్టచివర, బ్రేకు వ్యానులో ఒంటరిగా అడవులూ గుట్టలూ దాటిన మనిషి. రిటైరయ్యాక రోజూ సాయంత్రం కిటికీ దగ్గర కేను కుర్చీలో కూర్చుని భార్యకు నవలలు చదివి వినిపించేవాడు. ఆమె రెండు కళ్ళకూ శుక్లాలు. ముదిరితేగాని ఆపరేషన్ చెయ్యమని డాక్టర్లు అన్నారు. అవి ముదిరేలోపే ఆ ఎండాకాలంలో గార్డు పెదనాన్న పోయాడు. వానాకాలమంతా పెద్దమ్మ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. దసరా దాటాక మా అమ్మకు కబురు చేసింది, “మీ పిల్లను జెర సాయంత్రాలు పంపు, చదివి పెడుతది” అని. బైబిలు చదవడానికేనని అమ్మ సంతోషంగా పంపింది. నిజంగానే మొదట ఒక కీర్తన చదివాను. నేను ఆమెన్ అనగానే పెద్దమ్మ కూడా ఆమెన్ అని, గొంతు తగ్గించి, “ఇగ ఇప్పుడు దయ్యాలు షురూ చెయ్యి బిడ్డా,” అంది.

నేను బైబిలు మూయకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను.

“ఏంది, చప్పుడు లేదు? ఎండకాలం నవ్వు పుస్తకాలు. వానకాలం డిటెక్టివ్‌లు. బతుకమ్మలు నీళ్ళల్లకు పోయినప్పటి సంది ఇంటిమీద క్రిస్మస్ స్టారు ఎక్కేదాంక దయ్యాలే. స్టారు ఎక్కినంక ఒక్క దయ్యం సుత ఇంట్ల ఉండొద్దు. గది మీ పెదనాన్న రూలు. ఆయన లేడని రూలు పోతదా?”

పుస్తకాలకు కాలాలుంటాయని నమ్మే మనిషి ఈ లోకంలో ఇంకొకరు ఉన్నారని (అంటే, మొన్నటిదాకా ఉండేవారని) తెలిసి ఆ రోజు డైరీలో ఒక పేజీ నింపాను.

పుస్తకాలు తేవడం నా పని. స్టేషను వైపు పోయే రోడ్డులో, ఒక టైలరింగ్ షాపుకూ పంక్చర్ల షాపుకూ మధ్య ఇరుక్కుని చాచా అద్దె పుస్తకాల షాపు ఉండేది. తాడుకు బట్టల క్లిప్పులతో నవలలు వేలాడుతుండేవి. నేను వెళ్ళి, నోట మాట రాక, కపాలం బొమ్మ ఉన్న పుస్తకం వైపు వేలు చూపించాను. చాచా కళ్ళజోడు పైకి తోసి నన్ను చూశాడు.

“గార్డుసాబ్ ఇంటికా బేటా? ఆయన ఉన్నన్ని దినాలు నాకు క్యాలెండర్ తోని పని లేకుండె. ఆయనొచ్చి దయ్యం అడిగిండంటే స్వెటర్లు తియ్యాలని సమజయ్యేది.” తర్వాత కపాలం పుస్తకాన్ని తాడునుంచి తీస్తూ, “కానీ ఇది ఆయన చదివిండు,” అన్నాడు.

అయినా అదే పట్టుకెళ్ళాను. పెద్దమ్మ రెండు వాక్యాలు విని, “చదివిండు. ఆ వంటామె దయ్యం,” అంది. మర్నాడు బావి బొమ్మ ఉన్నది. “చదివిండు. బాయిలున్నది సవతి.” ఆ మర్నాడు తెల్లచీర, విరబోసిన జుట్టు. “చదివిండు బిడ్డా. ఆమె మంచిదే. లాయరే దయ్యం.” నేను దయ్యం పుస్తకాలు ఎంచుకోవడానికి నాకు తెలిసిన శాస్త్రమంతా వాడాను. అట్టమీద దీపం ఉంటే మంచి నవల, గబ్బిలం ఉంటే మామూలుది, రెండూ ఉంటే రచయిత తొందరలో ఉన్నట్టు. ఏది తీసుకెళ్ళినా ఆయన చదివేశాడు. అద్దె పుస్తకాలకు చివరి పేజీలు చిరిగిపోవడం మామూలే కాబట్టి ముగింపులు ఆమె నోటితోనే వినేదాన్ని. చదవడానికి వెళ్ళినదాన్ని కథలు చెప్పించుకుని వచ్చేదాన్నన్నమాట.

చాచా కూడా పరేషాన్ అయ్యాడు. చివరికి ఒకరోజు బెంచీ కింద కట్ట విప్పి, కొత్త సిరా వాసన వేస్తున్న నవల ఒకటి నా చేతిలో పెట్టాడు. “నిన్ననే వచ్చింది. నేను సుత చూడలే. గార్డుసాబ్ పోయినంక అచ్చయిన బుక్కు ఇది. ఇగ ఇది సుత చదివిండంటే నన్ను పిలువు, నేనే వచ్చి ఆయనకు సలాం చేస్త,” అని నవ్వాడు.

ఆ సాయంత్రం మొదటి అధ్యాయం చదివాను. ఒక తోటబంగళా, ఒక తాళం వేసిన గది, రోజూ ఉదయానికి ఆ గదిలో మంచం మీద దుప్పటి నలిగి ఉండటం. పెద్దమ్మ అడ్డు రాలేదు. నాకు గర్వంగా అనిపించింది. అంతలో కరెంటు పోయింది. పుస్తకం ఎప్పటిలాగే పెదనాన్న కేను కుర్చీలో పెట్టేసి (ఇంటికి తీసుకెళ్తే పొయ్యిపాలు కదా) వచ్చేశాను.

మర్నాడు రెండో అధ్యాయం తెరిచాను. పెద్దమ్మ కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా అంది. “ఆ గదిల పండేది బంగళా ఓనరే బిడ్డా. ఆయన చచ్చిపోయిన సంగతి ఆయనకు తెల్వదు.”

నేను పేజీలు తిప్పి చివరికి చూశాను. కొత్త పుస్తకం కాబట్టి చివరి పేజీలు ఉన్నాయి. అక్కడ అచ్చం అలాగే ఉంది.

“మీకెలా తెలుసు పెద్దమ్మా?”

“నిన్న నువ్వు పోయినంక వచ్చి చదివిండు.”

“ఎవరు?”

“ఇంకెవరు? నువ్వు మొదలుపెట్టి పోతవ్, ఆయనకు ఆత్రం ఆగదు. మొన్న సమాధికి కొత్త సున్నం ఏయించినం గద, ఆ ఘాటుకు తుమ్ముకుంట తుమ్ముకుంట చదివిండు.”

కుర్చీ వైపు చూశాను. కేను అల్లిక మధ్యలో గుంటపడి, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టుంది. (అది ఏళ్ళ తరబడి కూర్చుంటే పడిన గుంట. ఈ విషయం నాకు మా ఇంటికి చేరాక గుర్తొచ్చింది.) కిటికీ బయట కాడమల్లె పువ్వు ఒకటి టప్పుమని రాలింది. నేను “అమ్మ పిలుస్తోంది” అన్నట్టున్నాను. అనకుండానే పరుగెత్తానేమో కూడా. మా గేటు దగ్గరికి వచ్చాక చూసుకుంటే ఒక కాలికే చెప్పుంది.

ఇంట్లో ఎవరికి చెప్పను? అమ్మకు చెబితే మొదట పుస్తకం సంగతి బయటపడుతుంది, తర్వాత పెద్దమ్మ ఇంటికి వెళ్ళడం ఆగిపోతుంది. అదీకాక, చనిపోయినవాళ్ళు నిద్రపోతుంటారని చెప్పే మనిషికి, ఒకాయన లేచి నవల చదువుతున్నాడని చెప్పడం మర్యాద కాదు. మర్నాడు వణుక్కుంటూనే వెళ్ళాను. వెళ్ళింది ధైర్యంతో కాదు, చెప్పు కోసం. అది గుమ్మం పక్కన నీటుగా పెట్టి ఉంది. “చెప్పు మరిచినవ్ బిడ్డా. ఆయన జూసి నవ్విండు,” అంది పెద్దమ్మ.

ఇంతవరకైతే ఇది నాకూ పెద్దమ్మకూ మధ్యనే ఉండిపోయేది. ఆ ఆదివారం మల్కాజ్‌గిరి అన్న వచ్చాడు. పెద్దమ్మ తమ్ముడి కొడుకు, ఏదో ఆఫీసులో పని. ఆదివారాలు లోకల్ రైల్లో వచ్చి, మేనత్తకు కావలసినవి కనుక్కుని, చీకటి పడగానే లోకల్లోనే వెళ్ళిపోయేవాడు. మంచివాడే. ఆ రోజు నన్ను వరండాలో ఆపి గొంతు తగ్గించాడు.

“చెల్లే, నిజం చెప్పు. అత్తమ్మ ఏమన్న తేడాగ మాట్లాడుతుందా? పక్కింటోళ్ళు అంటున్నరు, పొద్దుమూకినంక ఒక్కతే కూసోని గొంతు మార్చి మార్చి మాట్లాడుతుందట. మగ గొంతు సుత పెడుతుందట.”

“ఏం లేదన్నా. బాగానే ఉన్నారు.”

“నేనే ఒకపారి గిట్ల విన్ననంటే ఇగ ఇడ్సిపెట్ట. ఇంటికి తాళమేసి మా ఇంటికి తోల్కపోత. టీవీ ఉంది, పిల్లలున్నరు, మంచిగ టైంపాస్ అయితది.”

ఆయన వెళ్ళాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. మాటలన్నీ వినే ఉంటుంది, చూపు తగ్గినకొద్దీ ఆమె చెవులు చురుకయ్యాయి. “నేను మల్కాజ్‌గిరి పోతే ఆయన పరేషాన్ అయితడు బిడ్డా. ఆయనకు గా కొత్త ఇల్లు తెల్వదు. ఈడికే వచ్చి, తాళం జూసి, గా అరుగుమీద కూసుంటడు.” ఆ మాటకు నాకు భయం వెయ్యలేదు. దిగులేసింది. చేతిలో నవల పట్టుకుని, తాళం వేసిన ఇంటి అరుగుమీద ముసలాయన కూర్చున్న బొమ్మ రాత్రంతా కళ్ళముందునుంచి కదల్లేదు.

ఆలోచించాను. పెద్దమ్మ ఇంట్లో ఆ గొంతులు ఆగాలి. ఆయన వచ్చి చదివితేనే గొంతులు కాబట్టి, ఆయన చదవలేని పుస్తకం ఒకటి కావాలి. చాచా షాపులో అలాంటిది లేదు. కొత్తది అచ్చయినా లాభం లేదని తేలిపోయింది. బతికున్నవాళ్ళు కాని, పోయినవాళ్ళు కాని ఎవరూ చదవని పుస్తకం ఎక్కడ దొరుకుతుంది? జవాబు తోచినప్పుడు నాకే నవ్వొచ్చింది, తర్వాత చెమటలు పట్టాయి. ఎవరూ రాయని పుస్తకమైతే ఎవరూ చదివి ఉండరు.

మర్నాడు పొద్దున్నే, అమ్మ బజారుకెళ్ళిన సమయంలో మొదలుపెట్టాను. పొగమంచులో ఒక చిన్న స్టేషను. అక్కడ ఏ బండీ ఆగదు. కాని రోజూ సాయంత్రం బండి దూసుకుపోయాక ప్లాట్‌ఫారం మీద ఎవరో ఒకరు దిగి నిలబడి ఉంటారు. స్టేషను మాస్టారును అడుగుతారు, “మాస్టారూ, ఇది నా స్టేషనేనా?” అని. ఇంతవరకు రాసేసరికి నా వీపు మీద నేనే చెయ్యేసినట్టు ఉలిక్కిపడ్డాను. రాసిన కాగితాలను చాచా షాపు నవల సైజుకు మడిచి కుట్టి, బ్రౌన్ పేపరు అట్ట వేసి, సాయంత్రం పెద్దమ్మ ముందు ఏమీ ఎరగనట్టు తెరిచాను.

మొదటి వాక్యం. రెండో వాక్యం. పెద్దమ్మ “చదివిండు” అనలేదు. తల కొంచెం ముందుకు వంచింది. నేను పేజీ తిప్పాను. రాసినంత వరకు అయిపోయి ఆగితే ఆమె అడిగింది. “తర్వాత?”

ఆ తర్వాత నా రాతలకు దొరికిన మెచ్చుకోళ్ళన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సరిరావు. ఆ రోజునుంచి పొద్దున రాయడం, సాయంత్రం చదవడం. కాగితాలు మాత్రం కుర్చీలో పెట్టి రాలేదు. సొంత సరుకు కదా, సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, నా పెట్టెలో చీరల కింద దాచేదాన్ని. మా గడప దాటి లోపలికొచ్చిన మొదటి దయ్యం పుస్తకం అదే. అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టలేదు, ఎందుకంటే అట్టమీద ‘అకౌంటెన్సీ’ అని రాశాను.

పక్కింటివాళ్ళకు గొంతులు వినపడటం ఆగిపోయింది. మల్కాజ్‌గిరి అన్న తర్వాతి ఆదివారం వచ్చి తృప్తి పడ్డాడు. “ఇప్పుడు మంచిగున్నది చెల్లే. ఎవరితోని మాట్లాడ్తలేదట,” అన్నాడు. నేను ఒక మనిషిని, ఒక ఇంటిని, ఒక కుర్చీని కాపాడినట్టు డైరీలో రాసుకోబోయాను. కలం కదల్లేదు. ఎందుకంటే పెద్దమ్మ నిజంగానే ఎవరితోనూ మాట్లాడటం లేదు. నాతో కూడా. పొద్దున పోసుకున్న జావ సాయంత్రానికి గ్లాసులో మీగడ కట్టి ఉంటోంది. చదువుతుంటే వింటోంది కాని, ముఖం కుర్చీ వైపే తిప్పి ఉంటోంది.

“ఏమైంది పెద్దమ్మా? కథ బాగాలేదా?”

“కథ మంచిగున్నది. ఆయనే వస్తలేడు.” జావ గ్లాసు పక్కకు జరిపి, “ఈ పుస్తకం ఆయనకు దొరుకుతలేదో ఏమో. నాకు ముందల చెప్పేతందుకు ఏం లేదు గద, ఉత్తచేతులతోని రావుడెందుకు అనుకున్నడేమో,” అంది.

బయట ఆకుల పొగ గుమ్మం దాకా వచ్చి ఆగింది. ప్రపంచంలో ఎందరో రచయితలు దయ్యాలను పుట్టించారు. మొదటి రచనతోనే ఉన్న దయ్యాన్ని తరిమేసిన రచయిత్రిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ సాయంత్రం నడుచుకుంటూ తేడా ఏమిటో వెతికాను. చాచా పుస్తకాలు ఆ కుర్చీలో ఉండిపోయేవి. నావి నాతో వచ్చేస్తున్నాయి. అంతే తేడా. (పెద్దమ్మే ఎలాగో వాటిని చదువుకుంటోందేమో అని నాలోని బి.కామ్ అమ్మాయి అంది. కిటికీకి అంటుకుని, పడమటి వెలుగులో, కాగితం కంటికి ఆనించుకుని, మగ గొంతులు మగవిగా, ఆడ గొంతులు ఆడవిగా ఆయన చదివినట్టే చదువుకుంటోందేమో అని. నాలోని రెండో అమ్మాయి మాత్రం వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచింది.) ఎవరు చదివినా సరే, పుస్తకం అక్కడ ఉండాలి. కాని అక్కడ ఉంటే గొంతులు మళ్ళీ మొదలవుతాయి. ఆదివారం మల్కాజ్‌గిరి అన్న వస్తాడు.

శనివారం తర్వాతి భాగం రాశాను. స్టేషను మాస్టారు, దిగిన మనిషిని తన గదికి తీసుకెళ్ళి టీ ఇస్తాడు. ఆ మనిషి గ్లాసు అందుకోబోతాడు. అక్కడితో ఆపేశాను. దిగింది ఎవరో నాకే ఇంకా తెలియదు. ఆ రోజు కథ చదవకుండానే, “తలనొప్పిగా ఉంది పెద్దమ్మా, రేపు చదువుతాను,” అని కాగితాలు మొత్తం కేను కుర్చీలో పెట్టి వచ్చేశాను. పెడుతున్నప్పుడు కుర్చీ కిర్రుమంది. కేను కుర్చీలు అంటాయి. అయినా “నమస్కారం పెదనాన్నా” అని గొణిగినట్టు గుర్తు.

ఆదివారం పొద్దుగూకుతుండగా వెళ్ళాను. వరండాలో మల్కాజ్‌గిరి అన్న చెప్పులున్నాయి. లోపల పెద్దమ్మ గొంతు ఎన్నడూ లేనంత హుషారుగా వినపడుతోంది. జావ గ్లాసు ఖాళీగా ఉంది.

“నిన్న వచ్చిండు రా! ఎంతసేపు కూసోని చదివిండో. గా స్టేషన్ల దిగేది ఎవరనుకున్నవ్? గా మాస్టరు కొడుకే. చిన్నప్పుడు తప్పిపోయిన పోరడు.”

నేను గుమ్మంలో నిలబడిపోయాను. మాస్టారుకు కొడుకున్నాడని నేను ఎక్కడా రాయలేదు. కాని ఆ మాట వినగానే, అవును, అతనే, ఇంకెవరవుతారు అనిపించింది.

మల్కాజ్‌గిరి అన్న ముఖం పాలిపోయింది. “ఎవరొచ్చిండ్రు అత్తమ్మా? ఎవరు చదివిండ్రు?” అని అడిగి, నన్ను చూసి, “విన్నవా చెల్లే? ఇదే నేను చెప్పింది. ఇగ అయిపోయింది. అత్తమ్మా, బట్టలు సర్దు,” అని లేచాడు.

పెద్దమ్మ చెయ్యి గాలిలో కుర్చీ చెయ్యి కోసం వెతికింది.

పుట్టినప్పటినుంచి మిగుల్చుకున్న మాటలన్నీ ఒక్కసారే నా నోట్లోకి వచ్చాయి. “నేనే అన్నా,” అన్నాను. “చదివేది నేనే. గొంతులన్నీ నావే.”

“నువ్వా?” అన్నాడాయన. ఏళ్ళ తరబడి నా నోట “ఏం లేదన్నా” తప్ప ఇంకో మాట వినని మనిషి మరి. “మగ గొంతు సుత నువ్వే?”

రుజువు చెయ్యక తప్పలేదు. కుర్చీలోంచి కాగితాలు తీసుకున్నాను. గదిలో వెలుగు అక్షరాలకు చాలీచాలకుండా ఉంది. ఇంకెక్కడా చోటు లేక ఆ కుర్చీలోనే కూర్చున్నాను. కేను గుంట నన్ను లోపలికి తీసుకుంది. చదవడం మొదలుపెట్టాను. పొగమంచు, ఆగని బండి, ఖాళీ ప్లాట్‌ఫారం. దిగిన మనిషి మాట దగ్గరికి వచ్చేసరికి ఊపిరి పీల్చి, పొట్టలోనుంచి గొంతు తెచ్చి అన్నాను. “మాస్టారూ... ఇది నా స్టేషనేనా?”

ఆ గొంతు నాది కాదు. అంటే, నాలోంచే వచ్చింది. కాని కొంచెం బొంగురుగా, ముక్కు దిబ్బడ వేసినట్టు, సున్నం ఘాటు పీల్చినవాళ్ళకు ఉండేలాంటి గొంతు. నేనే అదిరిపడ్డాను. పెద్దమ్మ మాత్రం తల ఊపి నవ్వింది. సరిగ్గా అప్పుడే యార్డులో వ్యాగన్లు ధనామని తగులుకున్నాయి. మల్కాజ్‌గిరి అన్న రెండడుగులు వెనక్కి వేసి తలుపుకు కొట్టుకున్నాడు.

“సరే సరే, సమజైంది! ఆపు చెల్లే! నువ్వే చదువుతున్నవ్, నమ్మిన!” అన్నాడు చేతులు అడ్డం పెట్టి. “ఇగ బట్టలేం సర్దకు అత్తమ్మా. నీ ఇంట్లనే మంచిగుండు.” గబగబా చెప్పులు వేసుకుంటూ గేటు దాకా వెళ్ళి, స్టేషను వైపు చూశాడు. రైలుకట్ట మీద సన్నగా మంచు కమ్ముకుంటోంది. “ఇయ్యాల లోకల్ వద్దులే. బస్సుల పోత,” అని, ఎవరూ అడగకపోయినా మాకు చెప్పి, ఎదురు దిక్కుకు నడిచాడు. ఆ చలికాలం అంతా ఆయన బస్సులోనే వచ్చాడు. రెండు బస్సులు మారాలి పాపం.

ఆయన మలుపు తిరిగాక పెద్దమ్మా నేనూ ఎంతసేపు నవ్వామో. నవ్వు ఆగింది. కుర్చీలోంచి లేద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాను.

“మంచిగ చదివినవ్ బిడ్డా,” అంది పెద్దమ్మ. “ఒక్కటి మాత్రం చెప్పమన్నడు. జెర పెద్ద అక్షరాలు రాయాలట. చీమల బారు లెక్క రాస్తే చదువుడు తక్లీఫ్ అయితుందట ఆయనకు.”

నా చేతిలో బ్రౌన్ పేపరు అట్ట పుస్తకం అలాగే ఉంది. అది నేను రాసిందని పెద్దమ్మకు చెప్పనేలేదు. చేత్తో రాసిందని కూడా చెప్పలేదు. బిడియస్థుల చేతిరాత మామూలుగా చిన్నదే ఉంటుంది, నాది మరీ చిన్నది. అమ్మ కంటపడినా అర్థం కాకూడదని డైరీ కోసం అలవాటు చేసుకున్న రాత. “అలాగే పెద్దమ్మా,” అన్నాను. తర్వాత కిటికీ వైపు తిరిగి, ఎందుకైనా మంచిదని, “అలాగే పెదనాన్నా,” అని కూడా అన్నాను.

మర్నాటినుంచి ఒక్కో పేజీకి నాలుగు ముక్కలు పట్టేంత పెద్ద అక్షరాలతో రాశాను. స్టారు ఎక్కే రోజుకు కథ పూర్తయింది. దిగింది మాస్టారు కొడుకే అన్న మాటను నేనేమీ మార్చలేదు. క్రిస్మస్ వెళ్ళాక పెద్దమ్మ శుక్లాలు ముదిరాయని ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన వారానికి చూడటానికి వెళ్తే, దళసరి కళ్ళద్దాలు పెట్టుకుని నా పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతోంది.

“గిదేంది బిడ్డా,” అంది ఆశ్చర్యంగా, “గింత పెద్దపెద్దగ రాసినవ్? కాయితాలు దండుగ గద.”

“మీరే కదా పెద్దమ్మా రాయమన్నారు.”

“నేనెందుకంట? నాకు అప్పుడు పేజీ తెలుపో నలుపో సుత తెల్వకపాయె.” అని కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చదువులో పడింది.

ఇప్పటికీ నా చేతిరాత పెద్దదే. బ్యాంకులో సంతకం గడి దాటిపోతుంటే కౌంటరు వెనక అమ్మాయి విసుక్కుంటుంది, నేను సారీ చెప్పి ఊరుకుంటాను. ఆ తర్వాత నేను రాసినవి కొన్ని అచ్చయ్యాయి, కొందరు చదివారు, ఒకరిద్దరు బాగుందన్నారు. కాని రాసీరాయకముందే ఆత్రంగా చదివి, తర్వాత ఏమవుతుందో తానే చెప్పేసి, ఉన్న ఒక్క లోపాన్నీ మర్యాదగా కబురు చేసిన పాఠకుడు నాకు మళ్ళీ దొరకలేదు. బతుకమ్మలు వెళ్ళిన సాయంత్రాల్లో కొత్త పేజీలేవైనా చేతిలో ఉంటే వాటిని ఖాళీ కుర్చీలో పెట్టి, దీపం ఆర్పకుండా పక్కగదిలోకి వెళ్తుంటాను. పొద్దున్నే వచ్చి చూస్తే అవి పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. ఒక్క చెప్పుతో మెట్టుగూడ వీధిలో పరుగెత్తిన ఆ పిల్ల అయితే వాటిని చూసి అమ్మయ్య అనుకునేది. నేను మాత్రం కాసేపు చిన్నబుచ్చుకుని, తర్వాత నాలో నేను నవ్వుకుని, ఆ పేజీలు మళ్ళీ మొదటినుంచి రాస్తాను.